గొల్లభామల పెంపకము

వానలు వెనుకబట్టిన దినములలో, రాత్రివేళ వరండా దీపము చుట్టు రెక్కపురుగులు ముసరుచుండగా, వ్రేలెడు పొడవుగల పచ్చని పురుగొకటి వచ్చి గోడపై వాలుట చాలమంది చూచియే యుందురు. అది తక్కిన పురుగులవలె దీపమునకు తల బాదుకొనదు. ముందరి కాళ్ళు రెండును రొమ్మునకు ముడుచుకొని, మూడుమూలల తలను ఇటునటు త్రిప్పుచు, తనను చూచువారిని తానును చూచుచుండును. పిల్లలు ప్రక్కకు జరిగినచో తలయు వారివెంట తిరుగును. కీటకములలో ఇట్లు మెడ త్రిప్పి మనిషి ముఖము వంక చూచునది మన ఇండ్ల చుట్టుపట్ల మరియొకటి కనబడదు. దీనినే గొల్లభామ యందురు.

కొన్నిచోట్ల పొడవైన పచ్చమిడతను కూడ ఈ పేరుతోనే పిలుతురు గనుక మొదట గుర్తు తెలిసికొనుట మంచిది. మిడతకు బలమైన కాళ్ళు వెనుక నుండును; అవి గెంతుటకు. గొల్లభామకు బలమైన కాళ్ళు ముందుండును, అవి పట్టుటకు. తొడకు రెండు వరుసల ముళ్ళుండును. చాకు తన పిడిలోనికి మడతపడినట్లు, ముళ్ళుగల పిక్క ఆ తొడలోనికి మడతపడును. ఆ మడతలో చిక్కిన యీగ మరల ఎగిరిపోవుట అరుదు. చూచుటకు చేతులు జోడించి ప్రార్థన చేయుచున్నట్లుండుటచే పాశ్చాత్యులు దీనికి భక్తురాలని పేరిడిరి. గ్రీకు భాషలో 'మాంటిస్' అనగా భవిష్యము చెప్పువాడని అర్థము. బంధుత్వమును బట్టి చూచినచో ఇది మిడతలకన్న బొద్దింకలకును, చెదపురుగులకును దగ్గరిది. ప్రపంచమందు సుమారు 2,400 జాతుల గొల్లభామలు గుర్తింపబడినవి.

పాఠశాలలో పెంచి చూచుటకు ఇంతకన్న అనువైన పురుగు అరుదు. దీనికి ధనము అక్కరలేదు, స్థలము అక్కరలేదు, దుర్వాసన లేదు, మనిషికి విషము లేదు. కాని రెండు విషయములలో పొరబడినవారి చేతిలో ఇది బ్రతుకదు. ఒకటి, అది కుబుసము విడుచు గడియ. రెండవది, దాని ఆకలి. పెంపకమునకు సంబంధించిన నియమములన్నియు ఈ రెండింటి నుండియే పుట్టినవి. ఇక్కడ చెప్పబడునది ముఖ్యముగా మన కంచెలలోను, తోటలలోను కనబడు పెద్ద పచ్చ గొల్లభామలను గూర్చి. శాస్త్రజ్ఞులు వీనిని 'హైరోడ్యులా' అను ప్రజాతిలో చేర్చిరి.

ఇట్లు పెంచి చూచినవారిలో ప్రసిద్ధుడు ఫ్రాన్సు దేశపు కీటకశాస్త్రజ్ఞుడు ఫాబ్ర్. ఆయన ఒకప్పుడు బడిపంతులుగా పనిచేసినవాడే. ఆహారముపై యీగలు వ్రాలకుండ కప్పు ఇనుపవల మూతలను ఇసుక పోసిన మట్టిపాత్రలపై బోర్లించి, లోపల ఒక ఎండుపొదయు, గుడ్లు పెట్టుకొనుటకు ఒక బల్లపరుపు రాయియు ఉంచి, అందు గొల్లభామలను పెంచెను. వాని ఆకలికి తానొక్కడు మిడతలను పట్టి తేలేక, ఇరుగుపొరుగు పిల్లలకు రొట్టెముక్కలు, కర్బూజా ముక్కలు లంచమిచ్చి తెప్పించుకొనెను. 1897లో వెలువడిన ఆయన గ్రంథభాగములో ఈ విషయమంతయు కలదు. ఈనాటికిని ఇంతకు మించిన సామగ్రి అవసరము లేదు.

గుడ్లపెట్టె

పెద్ద పురుగును పట్టి తెచ్చుటకన్న గుడ్లతో ప్రారంభించుట మేలు. బయట పట్టిన పురుగు ఎంత వయస్సుదో తెలియదు. పైగా దాని పొట్టలో గుఱ్ఱపువెంట్రుకవలె సన్నని పొడవైన పరాన్నజీవి పురుగు పెరుగుచుండవచ్చును. నీటిలో తప్ప జత కట్టజాలని ఆ పురుగు, తాను ఎదిగిన పిదప గొల్లభామను నీటివైపు నడిపించి, అందులో దుమికించి, తాను బయటికి వచ్చును. నీటిపై పడి ప్రతిఫలించు కాంతికి గొల్లభామ ఆకర్షింపబడునట్లు ఈ పరాన్నజీవి చేయుచున్నదని జపాను పరిశోధకులు 2021లో చూపిరి.

ఆడ గొల్లభామ గుడ్లను విడివిడిగా పెట్టదు. పొట్ట చివరనుండి నురుగు వెడలగ్రక్కి, ఆ నురుగులో వరుసలుగా గుడ్లుంచును. నురుగు గట్టిపడి, గోధుమరంగుగల తేలికైన పెట్టె యగును. శాస్త్రజ్ఞులు దీనిని 'ఊథీకా' యందురు. పెద్ద రేగుపండంత యుండి, పుల్లలకు, కంచె కఱ్ఱలకు, గోడలకు అంటుకొనియుండును. పుల్లతో సహా కత్తిరించి తెచ్చి, చెట్టుమీద ఏ వైపు పైకి ఉండెనో ఆ వైపే పైకి ఉండునట్లు వెడల్పు మూతిగల గాజుసీసాలో వ్రేలాడగట్టి, మూతికి పలుచని మల్లుగుడ్డ కట్టవలెను. దాని క్రింద మూడు నాలుగు అంగుళములు ఖాళీ యుండవలెను. రెండు మూడు దినముల కొకసారి గుడ్డపై కొంచెము నీరు చిలుకరించిన చాలును. సీసాను ఎండలో ఉంచకూడదు. గాజు వేడెక్కి లోపలి ప్రాణులు ఉడికిపోవును.

పెట్టెపై గుండుసూదితో పొడిచినట్లు గుండ్రని రంధ్రములున్నచో దానిని తెచ్చి ప్రయోజనము లేదు. గొల్లభామ గుడ్లను తిని పెరుగు చిన్న కందిరీగజాతి పురుగులు అప్పటికే బయటికి పోయినవని అర్థము. రంధ్రములు లేకున్నను మోసపోవచ్చును. గొల్లభామ పిల్లల కొఱకు నెలదినములు ఎదురుచూచిన తరగతికి, ఒక ఉదయమున సీసానిండ జొన్నగింజకన్న చిన్నవైన మెరుపు రంగు పురుగులు, పొడవైన తోకసూదులతో కనబడవచ్చును. విద్యార్థులు నిరాశ పడుదురు. కాని ఆ దినము పరాన్నజీవనమును గూర్చి చెప్పిన పాఠము వారు మరవరు.

వెచ్చని గదిలో నాలుగు నుండి ఆరు వారములలో పిల్లలు వెలువడును. ఇది సామాన్యముగా ఉదయమున జరుగును. పెట్టె నడిమి గీతనుండి పసుపుపచ్చని చిన్న చేపలవంటివి జారి, సన్నని దారములపై తలక్రిందులుగా వ్రేలాడును. వ్రేలాడుచునే పైపొరను విడిచి, కాళ్ళు చాపుకొని, నడువ నారంభించును. ఒక గంటలో వందకు మించిన గొల్లభామలు సీసా గోడల మీద ప్రాకుచుండును. ఒక్కొక్కటి సెంటీమీటరుకూడ ఉండదు. అయినను ముందుకాళ్ళు ముడుచుకొని తల త్రిప్పుచుండును. వీనిని శాబకములందురు. సీతాకోకచిలుకకు వలె గొంగళిపురుగు దశగాని, గూడుదశగాని వీనికి లేదు. రెక్కలు తప్ప తక్కిన రూపమంతయు మొదటి దినముననే యుండును. దీనినే అసంపూర్ణ రూపవిక్రియ యందురు.

వందను పెంచుట ఎవరి తరమును కాదు. ఇరువదింటిని ఉంచుకొని, తక్కిన వానిని పెట్టె దొరికిన కంచెలోనే ఆనాడే విడిచిపెట్టవలెను. ఉంచుకొన్నవి మొదటి వారము ఒకే సీసాలో నుండవచ్చును. తరువాత, ముఖ్యముగా ఆకలిగొన్నప్పుడు, ఒకదాని నొకటి తినును. అందుచే ఒక్కొక్కదానికి ఒక్కొక్క సీసా కావలెను. సీసాపై అంకె వేయుట మంచిది; ఏ పురుగు ఏమి తిన్నది, ఎన్నడు కుబుసము విడిచినది అను దినచర్య అప్పుడే సరిగా సాగును.

ఆహారము

గొల్లభామ చచ్చినదానిని తినదు. కదలనిదానిని సాధారణముగా లక్ష్యపెట్టదు. కావున దానికి కావలసినది ప్రాణముతో కదలు పురుగు. పిల్లలకు బాగుగా ముగ్గిన అరటిపండుపై మూగు సన్నని యీగలు తగును. సీసాలో పండుముక్క వేసి, కిటికీవద్ద మూత తీసి యుంచినచో ఒకటి రెండు దినములలో అవి చేరును. అప్పుడు గుడ్డ కట్టివేసినచో పది పండ్రెండు దినములకు క్రొత్తతరము పుట్టును. జన్యుశాస్త్ర ప్రయోగశాలలలో ప్రసిద్ధి కెక్కిన డ్రోసోఫిలా ఈ యీగయే. పిల్లలు పుట్టుటకు రెండు వారములు ముందుగనే ఈ యీగల సీసాలు సిద్ధముగా నుండవలెను. పుట్టిన పిదప యీగలకై వెదకుట ఆరంభించినచో ఇరువది పిల్లలు ఐదారై మిగులును. ఆ ఐదారును బలిసియుండును.

ఎదిగినకొలది ఇంటియీగలు, దీపపుపురుగులు, చిన్న మిడతలు, కీచురాళ్ళు వేయవచ్చును. ఆహారపు పురుగు గొల్లభామ పొడవులో సగమునకు మించకుండుట మేలు. ఎంత పెట్టవలెనో దాని పొట్టయే చెప్పును. పొట్ట పలుచబడి ఆకువలె నున్నచో ఆకలి; గుండ్రముగా నిండియున్నచో రెండు దినములు పెట్టనక్కరలేదు. నీటికి గిన్నె అక్కరలేదు. సీసాగోడపై చిలుకరించిన బిందువులను అది నోటితో పీల్చుకొనును.

మన ఇండ్లలో దీనికి గొప్ప శత్రువు దోమలమందు. దోమచుట్ట పొగయైనను, విద్యుత్తుతో వెలువడు మందుఆవిరియైనను, పిచికారి మందైనను గొల్లభామకు ప్రాణాంతకమే. మందు చల్లిన వంటయింట పట్టిన బొద్దింకను దానికి వేయుటయు అట్టిదే. రెండవ శత్రువు చీమలు. వంటయింటి అలమారా కాళ్ళక్రింద నీటిగిన్నెలు పెట్టినట్లే, సీసాలున్న బల్ల కాళ్ళక్రిందను పెట్టవలెను.

కుబుసము

కీటకమునకు ఎముకలు లోపల లేవు. శరీరమును నిలుపు పెంకు బయట నున్నది. ఆ పెంకు సాగదు. కావున ఎదుగుటకు దానిని విడువవలసినదే. గొల్లభామ పుట్టినది మొదలు రెక్కలు వచ్చువరకు ఏడెనిమిది పర్యాయములు, ఆడదైనచో సామాన్యముగా మరియొక పర్యాయము అధికముగా, ఇట్లు విడుచును. పెంపకములో చచ్చు పురుగులలో ఎక్కువ ఈ సమయముననే చచ్చును. వానిలో చాల భాగము పెంచువాని పొరబాటు వలననే.

రెండు మూడు దినములు ముందుగా అది తిండి మానును. క్రొత్తగా పెంచువారు దీనిని జబ్బని భయపడి, మరింత మంచి ఆహారమని పెద్ద కీచురాయిని లోపల వేయుదురు. ఇంతకన్న హానికరమైన ఉపకారము లేదు. కుబుసము విడుచు గొల్లభామ మెత్తనై, కదలలేక యుండగా ఆ కీచురాయి దానినే కొరికి తినును. తిండి ముట్టని గొల్లభామ సీసాలో ఒక్క పురుగుకూడ ఉండరాదు.

సమయము వచ్చినప్పుడు అది సీసా పైకప్పు చేరి, నడిమి కాళ్ళతోను, వెనుక కాళ్ళతోను గుడ్డను పట్టుకొని తలక్రిందులుగా వ్రేలాడును. వీపు పైన పెంకు చీలును. ఆ చీలికనుండి మొదట రొమ్ము, తల, పిదప సన్నని కాళ్ళు ఒక్కొక్కటిగా, చేతితొడుగునుండి వ్రేళ్ళు వచ్చినట్లు బయటికి జారును. ఒక దశలో శరీరమంతయు బయటికి వచ్చి, పొట్టచివర మాత్రమే పాత కుబుసమును అంటియుండగా అది గాలిలో వ్రేలాడును. కాళ్ళు కొంచెము గట్టిపడిన పిదప పైకి వంగి, కుబుసమును పట్టుకొని, పొట్టను లాగుకొనును. ఇదంతయు అరగంట పని. కాని గట్టిపడుటకు మరి కొన్ని గంటలు పట్టును.

సీసా ఎంత ఎత్తుండవలెనన్న ప్రశ్నకు సమాధానము ఇందే యున్నది. పాత శరీరము పొడవు, దానిక్రింద జారిన క్రొత్త శరీరము పొడవు, ఆపైన కాళ్ళు చాపుకొనుటకు జాగా—మొత్తము పురుగు పొడవునకు కనీసము మూడింతలు. ఎత్తు తక్కువైనచో తల నేలకు తగిలి మెడ వంకరపోవును. పైకప్పు నున్నని గాజైనను, రేకైనను గోళ్ళు పట్టు తప్పి క్రిందపడును. మెత్తని శరీరముతో పడినది మరల లేవదు. అందుచే మూతికి గుడ్డయో, వలయో ఉండవలెను. గాలి మిక్కిలి పొడిగా నున్నచో పాత తొడుగు కాళ్ళకు పట్టుకొని వదలదు. వేసవిలో ముందునాడే కొంచెము నీరు చిలుకరించుట ఇందుకే. విడుచుచున్నపుడు సీసాను కదపరాదు, సహాయము చేయవలెనని పుల్లతో ముట్టరాదు. తరగతిలో ఈ నియమమును పాలించుట కష్టము. నలుబదిమంది విద్యార్థులు ఒక్కసారి మూగుదురు. సీసాను బల్లమీద కదలకుండ ఉంచి, ఐదుగురేసి వచ్చి చూచి పోవునట్లు చేయుట యొక మార్గము.

కాలు ఊడినను అది లేతవయస్సుదైనచో విచారము లేదు. తరువాతి కుబుసములతో క్రొత్తకాలు చిన్నదిగా మొలచి, క్రమముగా పెరుగును. రెక్కలు వచ్చిన పిదప కుబుసములుండవు. అప్పుడు పోయినది పోయినదే.

విడిచిన కుబుసములను పారవేయకూడదు. కాళ్ళముళ్ళతో సహా పురుగు ఆకారమంతయు అందుండును. వియన్నాలో హాన్స్ ప్రిజిబ్రాం అను జీవశాస్త్రజ్ఞుడు ఆఫ్రికా గొల్లభామలను తన సంస్థలో పెంచి, మెగూషార్ అను సహచరునితో కలిసి కుబుసము కుబుసమునకు వానిని తూచి, కొలిచి 1912లో ఒక సూత్రము ప్రకటించెను. ఒక కుబుసమునకును మరియొక కుబుసమునకును నడుమ పురుగు బరువు రెండింతలగును; కావున ఏ అవయవపు పొడవైనను సుమారు 1.26 రెట్లు పెరుగును. 1.26 అనగా 2 యొక్క ఘనమూలము. ఈ లెక్క ప్రకారము మొదటి కుబుసములో 2 మిల్లీమీటర్లున్న కాలిభాగము మూడు కుబుసముల తరువాత 4 మిల్లీమీటర్లు కావలెను. ఇతర కీటకములలో ఈ సూత్రము తప్పుచున్నట్లు పిదప తేలినది. మన గొల్లభామలలో ఎంతవరకు నిలుచునో తెలిసికొనుటకు ఒక అట్టపై తేదీలతో అంటించిన కుబుసములు, ఒక భూతద్దము, ఒక కొలబద్ద చాలును. గణితోపాధ్యాయునికిని ఇందు పని కలదు. ఇట్టి పని చేసిన ప్రిజిబ్రాం, యూదుడైన కారణమున తన సంస్థ నుండి గెంటివేయబడి, 1944లో నాజీల నిర్బంధములో మరణించెను.

మగది, ఆడది

సగము ఎదిగిన నాటికే మగ ఆడ భేదము గుర్తింపవచ్చును. పురుగును గాజు మీద నిలిపి పొట్ట అడుగున ఖండితములను లెక్కింపవలెను. ఆడదానికి ఆరు, మగదానికి ఎనిమిది కనబడును. ఎదిగిన మగది సన్నగా, పొడవైన స్పర్శశృంగములతో ఉండును. రాత్రులు దీపమునకు ఎగిరి వచ్చునది ఎక్కువగ మగదే. మగవి ముందుగా పెద్దవై ముందుగా చచ్చును. ఆడది ఎదుగునప్పటికి మగది ముసలిది కాకుండునట్లు, మగపిల్లలను కొంచెము చల్లనిచోట, తక్కువ ఆహారముతో పెంచి వాని ఎదుగుదలను నెమ్మది చేయుట అనుభవజ్ఞుల పద్ధతి.

గొల్లభామను గూర్చి ఏమి తెలియనివారికి కూడ ఒక సంగతి తెలిసియుండును: ఆడది సంయోగకాలమున మగదానిని తినివేయునని. పుస్తకములలో ఇది తప్పని నియమమైనట్లు వ్రాయుదురు. ఇది ఎట్లు ప్రచారమైనదో తెలిసికొనదగినది.

1886లో అమెరికా కీటకశాస్త్రజ్ఞుడు హోవర్డు, సీసాలో ఉంచిన జంటలో ఆడది మగదాని తలను తిన్నను అది సంయోగమును సాగించెనని ప్రకటించెను. ఫాబ్ర్ తన వలపంజరములలో ఒకే ఆడది రెండు వారములలో ఏడు మగవానిని తినుట చూచెను. 1935లో రోడర్ అను శాస్త్రజ్ఞుడు దీనికి శరీరధర్మమున కారణము కనుగొనెను. తలలో, అన్నవాహిక క్రిందనున్న నాడీసంధి సంయోగపు కదలికలను అణచిపట్టి యుంచును. తల పోగానే ఆ అదుపు పోయి, పొట్టలోని నాడీసంధులు తమంతట ఆ పని నడిపించును. ఇంత చక్కని వివరణ దొరికిన తరువాత, తల పోనిదే సంయోగము జరుగదనియే కొందరు భావించిరి.

కాని ఇవన్నియు సీసాలలోను, పంజరములలోను చూచినవి. 1987లో లిస్కే, డేవిస్ అనువారు చీనా గొల్లభామలకు కడుపునిండ ఆహారము పెట్టి, మనుష్యులు దగ్గర లేకుండ కెమెరాతో పరిశీలించిరి. మగది నెమ్మదిగా సమీపించుట, పొట్టను ఆడించుట మొదలగు చేష్టలతో జంట కలిసెను. మగది తినబడకయే విడిపోయెను. ఆకలియు, ఇరుకును, వెలుతురును, చూచువారి అలజడియు లేనప్పుడు కథ మారినది. అంతమాత్రమున అది యంతయు పంజరములలోని వింతయే యనుటయు తప్పే. 1992లో ప్రకటింపబడిన యొక పరిశీలనలో, స్వేచ్ఛగా పొలములందున్న ఐరోపా గొల్లభామలలో సుమారు మూడింట ఒక వంతు జంటలలో మగది తినబడెను. 2016లో బ్రౌన్, బారీ అనువారు మగవానికి రేడియోధార్మిక గుర్తుగల ఆహారమిచ్చి చూడగా, తినబడిన మగదాని శరీరద్రవ్యము అధికభాగము ఆడదానికిని, దాని గుడ్లకును చేరినట్లును, అట్టి ఆడవి ఎక్కువ గుడ్లు పెట్టినట్లును తేలినది. అనగా ఆడదానికి మగది భర్తయు, భోజనమును కూడ. ఆనాటి ఆకలిని బట్టి ఏది యగునో నిర్ణయమగును.

పెంచువారికి కావలసిన దారి ఇందులోనే కలదు. ఆడదానికి రెక్కలు వచ్చిన రెండు మూడు వారముల వరకు జత కలుపరాదు. అది రాత్రివేళ పొట్టను క్రిందికి వంచి నిశ్చలముగా నుండుట కనబడినచో వాసనతో మగదానిని పిలుచుచున్నదని గ్రహింపవలెను. ముందు మూడు నాలుగు దినములు దానికి కావలసినంత తినిపింపవలెను. సీసా చాలదు, రెండడుగుల ఎత్తుగల దోమతెర గుడ్డ పంజరము, లోపల కొమ్మలు కావలెను. ఆడది పెద్ద మిడత నొకదానిని పట్టుకొని తినుచున్న సమయమున, దాని వెనుకవైపు, కొంచెము దూరములో మగదానిని విడువవలెను. మగది గంటలకొలది కదలక నిలిచి చూచును. ఆడది తల త్రిప్పినప్పుడెల్ల రాయివలె ఆగును. ఎట్టకేలకు వీపుపైకి ఉరుకును. జంట కొన్ని గంటలు కలిసియుండును. విడిపోయి మగది దూరముగా ఎగిరిన వెంటనే దానిని తీసివేయవలెను. ఇంత చేసినను ఒక్కొక్కప్పుడు మగది పోవును. ఆ సంగతి విద్యార్థులకు ముందే చెప్పియుంచుట ఉచితము.

ఒక పర్యాయపు కలయిక ఆడదాని ఆయువంతకును చాలును. రెండు వారములలోపల అది మొదటి గుడ్లపెట్టెను కట్టును. తలక్రిందులుగా పుల్లను పట్టుకొని, వెనుకకు చూడకయే, పొట్టచివరను ఇటునటు త్రిప్పుచు నురుగును గిలకొట్టి, పొరపై పొరగా పోయును. ఇది కొన్ని గంటల పని. అప్పుడు కదపకూడదు. పని ముగిసిన తరువాత పొట్ట చప్పగా నుండును. వెంటనే ఆహారము కావలెను. రెండు మూడు వారముల కొకటి చొప్పున ఇట్లు నాలుగైదు పెట్టెలు కట్టవచ్చును. మగదానిని ఎరుగని ఆడదియు పెట్టెలు కట్టును. వానినుండి సామాన్యముగా పిల్లలు రావు. అమెరికాలోని బ్రూనేరియా అను గొల్లభామలో మాత్రము మగవే లేవు. ఆడవి తల్లినుండి తల్లికి ఒంటరిగా వంశము నడుపుకొనుచున్నవి.

కన్నులు, చెవి

పెంచిన పురుగును ఊరక చూచుటయు చదువే. పగలు దాని పచ్చని కంటిలో ఒక నల్లని చుక్క కనబడును. ఏ ప్రక్కనుండి చూచినను ఆ చుక్క మనవైపే తిరిగియుండును. అది కనుపాప కాదు. సంయుక్తనేత్రములోని వేలకొలది చిన్న కండ్లలో, సరిగా మనవైపు తిరిగియున్నవి మనవైపునుండి వచ్చు వెలుతురును లోనికి గ్రహించును గాన అవి నల్లగా కనబడును. రాత్రి అదే పురుగును చూచినచో కన్ను మొత్తము నల్లబడియుండును; చీకటిలో ఎక్కువ వెలుతురు పట్టుకొనుటకు కంటిలోని రంగుపదార్థము స్థానము మార్చుకొనును.

రెండు కండ్ల చూపును కలిపి దూరము కొలుచు శక్తి గొల్లభామకు కలదని 1983లో రోసెల్ పట్టకముల సహాయమున నిరూపించెను. 2016లో ఇంగ్లండులోని న్యూకాసిల్ విశ్వవిద్యాలయమువారు గొల్లభామకు మైనముతో రంగుకళ్ళజోడు అంటించి, చలనచిత్రపు పురుగును తెరముందు గాలిలో ఉన్నట్లు చూపగా, లేని పురుగుపైకి అది కాళ్ళు విసరెను. చెవి సంగతి ఇంకను వింత. అనేక జాతులలో దానికి ఒకే చెవి, అదియు రొమ్ము అడుగున, వెనుకకాళ్ళు రెండింటి మొదళ్ళ మధ్యనున్న గాడిలో కలదని 1986లో యేగర్, హోయ్ అనువారు కనుగొనిరి. మనకు వినబడని గబ్బిలపు కేకలను అది ఆ చెవితో విని, ఎగురుచు ఎగురుచునే గిరుక్కున తిరిగి నేలకు దిగును.

పచ్చ గొల్లభామతో చేయి తిరిగినవారు దక్షిణ భారతమునకును, సింహళమునకును చెందిన మరియొక జాతిని చూడవచ్చును. గాంగిలస్ అను ఈ గొల్లభామ ఎండుటాకు ముక్కలు పుల్లకు గ్రుచ్చినట్లుండును. సన్నని మెడ చివర డాలువంటి వెడల్పు భాగముండును. 1904లో కాప్టెన్ విలియమ్స్ దీని జీవితచరిత్రను లండను కీటకశాస్త్ర సంఘపు పత్రికలో ప్రకటించెను. ఇది ఎండకు వెరవదు. ఎగురు యీగలు, రెక్కపురుగులు తప్ప నేలపై ప్రాకువానిని సాధారణముగా తాకదు. ఆహారము చాలినంత యున్నంతకాలము ఒకే పంజరములో అనేకము కలిసి బ్రతుకును. గొల్లభామలలో ఇది అరుదు. ఐరోపాలోని ఔత్సాహికులు దీనిని దీపముల వేడిమితో పెంచుచున్నారు. మన ముళ్ళపొదల ఎండయే దానికి ఆ దీపము.

గొల్లభామ రైతుకు మిత్రమని చెప్పుట పరిపాటి. సగమే నిజము. అది చీడపురుగును, తేనెటీగను ఒకే విధముగా తినును. 1896 ప్రాంతమున అమెరికాలోని ఫిలడెల్ఫియా దగ్గర మొదట కనబడిన చీనా గొల్లభామ అక్కడ విస్తరించెను. తోటల చీడలకు విరుగుడని దాని గుడ్లపెట్టెలను అంగళ్ళలో నేటికిని అమ్ముదురు. ప్రయోజనము మాత్రము స్వల్పము. అందుచే దూరదేశపు గొల్లభామలను తెచ్చి పెంచుట, విడుచుట తగదు. మన కంచెలో పుట్టినవి ఆ కంచెకే పోవలెను.

ఆడది చివరి పెట్టె కట్టిన పిదప నెమ్మదించును. కాళ్ళ కొసలు నల్లబడి రాలును. గుడ్డను పట్టుకొనలేక సీసా అడుగున కూర్చుండును. అప్పుడు చిన్న పురుగును చిమటాతో పట్టి నోటివద్ద ఉంచినచో మరి కొన్నాళ్ళు బ్రతుకును. దాని దినచర్య పుస్తకములో తుది తేదీ వేయునాటికి, మొదటి పెట్టెనుండి వచ్చిన పిల్లలు రెండవ కుబుసము విడుచుచుండును. మిగిలిన పెట్టెలలో ఒకదానిని మాత్రము సీసాలో నుంచి, తక్కినవానిని పుల్లలతో సహా కంచెలో, నేలకు మూడడుగుల ఎత్తున, చీమలబారు లేని కొమ్మకు దారముతో కట్టవలెను.